డేన్‌ల ఊళ్ళో సంబంధం చూడబోయి

2016 మార్చి 13, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకి, న్యూజిలాండ్‌లోని డానివర్క్ ఊరి బయట ఒక పొలం ఇంట్లో, గొర్రెమాంసం పళ్ళెం ముందు కూర్చుని నేను ఈ మాట అన్నాను: "అన్నాచెల్లెళ్ళు పెళ్ళాడిన ఇంటికి నా పిల్లనివ్వను."

గోడ గడియారం సరిగ్గా నా ఎదురుగా ఉంది. అందుకే టైము అంత కచ్చితంగా చెప్తున్నాను.

ఆ మాట ఎందుకన్నానో చెప్పాలంటే ముందురోజు నుంచి మొదలెట్టాలి. నాకు డెబ్బై రెండేళ్ళు. పుట్టింది ఫిజీలో, లంబాసా చెరుకు తోటల్లో. మా తాతా నాయనమ్మా గిరిమిట్టు కింద, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద వేలిముద్రలేసి, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఫిజీలో గొడవలయ్యాక మేం న్యూజిలాండ్ వచ్చి హామిల్టన్‌లో ఉంటున్నాం. తెలుగు నోట్లో ఉండేదిగానీ అక్షరాలు నాకు అరవై ఆరో ఏట వచ్చాయి. నేర్పింది సుజాత. జగిత్యాల నుంచి చదువుకోడానికి వచ్చి, ఇప్పుడు ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ మా వెనక ఫ్లాట్‌లో అద్దెకుంటోంది. ఆలస్యంగా రాత నేర్చినదాన్ని. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

నా కూతురు సరోజ పోయాక దాని కూతురు రేణుకని నేనే పెంచాను. రేణుక టామ్ హాన్సెన్ అనే పిల్లాణ్ణి చేసుకుంటానంది. "నువ్వు ఊ అంటేనే చేసుకుంటా అమ్మమ్మా, లేకపోతే లేదు" అని కూడా అంది. ఆ మాట నా నెత్తిమీద బండరాయిలా కూర్చుంది. సరే, ఇల్లు చూసి చెప్తానన్నాను. మనవాళ్ళ పద్ధతి అదే కదా, అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలంటారు. సుజాత ఇండియా నుంచి ఒక పెళ్ళి ఫారం తెప్పించి ఇచ్చింది. ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం, తాతముత్తాతలు, అన్నిటికీ గళ్ళున్నాయి. పిల్ల వైపు గళ్ళు నేనే నింపాను. అందులో ఏం రాశానో తర్వాత చెప్తాను.

టౌపో: మీట్ పై తిన్నచోట

శనివారం పొద్దున్నే బయల్దేరాం. రేణుక డ్రైవింగ్, పక్కన సుజాత, వెనక సీట్లో నేనూ, నా పులిహోర గిన్నె. టౌపో దగ్గర చెరువు సముద్రమంత ఉంది. అలలు కూడా వస్తున్నాయి. ఒక బేకరీలో మీట్ పై కొన్నాం. మాంసం కూరని పిండి డబ్బాలో పెట్టి కాల్చినట్టుంటుంది. ఒక్కోటీ అయిదు డాలర్ల ఇరవై సెంట్లు. కొరికితే లోపలి వేడి రసం నా పైటంతా కారింది. కొట్టులో పిల్ల పరుగెత్తుకొచ్చి తడిగుడ్డ ఇచ్చి, "ఫస్ట్ టైమా?" అంది. పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాననీ, తినడం ఇంకా రాలేదనీ చెప్పాను. నవ్వి ఇంకో పై ఊరికే ఇచ్చింది. మన దగ్గర చీర పాడైతే కొట్టువాడు "చూసుకుని తినాలి కదమ్మా" అని మనల్నే తిడతాడు.

నేపియర్ దాటాక రోడ్డుపక్క ఒక బల్ల, దాని మీద ఆపిల్ సంచులు. మనిషి లేడు. ఒక డబ్బా ఉంది, సంచికి రెండు డాలర్లు అందులో వెయ్యాలి. "జగిత్యాలల ఇట్ల పెడితే ఆపిల్ పోతయ్, డబ్బా పోతది, బల్ల సుత పోతది అవ్వా" అంది సుజాత. లంబాసాలో అయితే బల్ల మిగులుతుందన్నాను.

డానివర్క్: శనివారం సాయంత్రం

ఇది డేన్‌లు, అంటే డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. ఊరి మొదట్లో గడ్డం మనిషి బొమ్మొకటి నిలబెట్టారు. తలమీద కొమ్ముల టోపీ. మనూరి పోతురాజులా ఉన్నాడనుకున్నాను. తర్వాత టామ్ వాళ్ళ తాత కార్ల్ చెప్పాడు, ఆ కొమ్ములు ఎవరూ పెట్టుకోలేదట, బొమ్మలేసేవాళ్ళ సరదా అట.

కార్ల్‌కి ఎనభై. ఆరడుగుల మనిషి, వంగలేదు. భార్య ఎల్సీ పోయి నాలుగేళ్ళు. కొడుకు పీటర్, కోడలు లిండా గొర్రెలు చూసుకుంటారు. పీటర్ రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. లిండా చేతికి ఎప్పుడూ ఏదో పిండి అంటుకునుంటుంది. టామ్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. మేం కారు దిగేసరికి గేటు దగ్గర షర్టు ఇస్త్రీ చేసుకుని నిలబడ్డాడు, పాపం.

కాళ్ళు కడుక్కోవడం అదీ లేదు, టీ ఇచ్చారు. నేను ఫారం తీశాను. నా ఇంగ్లీషు పొలం ఇంగ్లీషు. పని నడుస్తుందిగానీ మర్యాద రాదు. అందుకని రేణుకని అడగమన్నాను.

"మీరెవరు, మీది ఏ ఊరు, ఎక్కడినుంచి వచ్చారు అని అడుగే."

"అమ్మమ్మా, అలా ఇంటర్వ్యూలా అడక్కూడదు."

"నువ్వడక్కపోతే నేనే అడుగుతా. ఇంకా ఘోరంగా ఉంటుంది."

రేణుక అడిగింది. కార్ల్ మొహం వెలిగిపోయింది. ఈ ముసలాయన్ని ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదనుకుంటా. "ఎక్కణ్ణించి మొదలెట్టమంటారు?" అన్నాడు. "మొదట్నించి" అన్నాను. అదే నేను చేసిన తప్పు. ఆయన మంచుగడ్డల కాలం నుంచి మొదలెట్టాడు.

బల్ల మీద ఉప్పు పోసి వేలితో దేశం గీశాడు. ఐరోపాకి పైన, సముద్రంలోకి చాచిన చెయ్యిలాంటి నేల, పక్కన దీవులు. మంచు కరిగాక జింకల వెంట మనుషులు వచ్చారట. తర్వాత వ్యవసాయం. బురద నేలల్లో దేవుళ్ళకి మనుషుల్ని ఇచ్చేవారట. ఈ మధ్యకాలంలో పొయ్యిలోకి పీటుమట్టి, అంటే ఎండితే కట్టెలా మండే బురదమట్టి తవ్వుకునేవాళ్ళకి ఒక శవం దొరికితే, మొహం అంత తాజాగా ఉందని పోలీసుల్ని పిలిచారట. తీరా చూస్తే రెండువేల ఏళ్ళ కిందటి మనిషి. గడ్డం గీసుకుని రెండు రోజులైనట్టు చిన్న చిన్న వెంట్రుకలు కూడా ఉన్నాయట.

"వాళ్ళేనా మీ డేన్‌లు?" అన్నాను.

"అప్పటికి ఆ పేరే లేదు. పేరు పెట్టింది బయటివాళ్ళు. పదిహేను వందల ఏళ్ళ కిందట దక్షిణాన పుస్తకాలు రాసుకునేవాళ్ళు, 'డేన్‌లని ఉన్నారు, పొడుగ్గా ఉంటారు, అక్కడున్న వేరేవాళ్ళని తరిమేశారు' అని రాశారు. ఇవాళ స్వీడన్ అంటున్న వైపు నుంచి వచ్చారని కొందరు. కాదు, ఉన్నవాళ్ళకే ఆ పేరొచ్చిందని కొందరు. డాన్ అని ఒక రాజుండేవాడు, ఆయన పేరే పడిందని పాత కథ."

"మీరేమంటారు?"

"రాజు సంగతి కథే. మిగతాది నాకు తెలీదు. ఎవరికీ తెలీదు."

ఫారంలో మూలపురుషుడు అన్న గడిలో సుజాత 'తెలియదు' అని రాసింది. నాకు నచ్చలేదు. "ఎవర్నో తోసేసి వచ్చినవాళ్ళన్నమాట" అన్నాను మొహమ్మీదే. రేణుక కళ్ళు మూసుకుంది. కార్ల్ మాత్రం తలూపాడు. "నిజమే. ఇక్కడ కూడా అంతే. ఈ ఊరంతా పెద్ద అడవి, మాకంటే ముందునుంచీ ఇక్కడున్న మావోరీలది. కొట్టి రోడ్డు వెయ్యడానికి మా ముత్తాతల్ని ఓడలో తెచ్చారు. మేం తెలిసి తొయ్యలేదుగానీ తోసిన చేతిలో మేం కర్రలం."

అబద్ధం ఆడే మనిషి కాదనుకున్నాను. ఆ ఒక్కదానికీ ఒక మార్కు వేశాను.

ఊరి పేరు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. డానివర్క్ అంటే డేన్‌లు చేసిన పని అని అర్థం. వాళ్ళ దేశానికి దక్షిణాన చేతికి మణికట్టులాంటి సన్నటి చోట మట్టితో కట్టిన పెద్ద గోడ అది. ఎవరు కట్టారంటే, వెయ్యేళ్ళ కిందటి ఒక రాణి కట్టించిందని జనం చెప్పుకునేవారట. ఆవిడ పోతే మొగుడు రాయి నాటించి, అందులో భార్య పేరు చెక్కించాడు. డెన్మార్క్ అన్న మాట ఆ దేశంలో మొట్టమొదట కనపడేది ఆ రాతి మీదేనట. తర్వాత కొడుకు పక్కనే ఇంకా పెద్ద రాయి నాటాడు, దేశమంతా గెలిచాననీ, డేన్‌లని క్రైస్తవుల్ని చేశాననీ. "కొడుకు గొప్పలు చెప్పుకున్నాడు, మొగుడు పెళ్ళాన్ని తలుచుకున్నాడు" అన్నాడు కార్ల్. ఎల్సీ ఫోటో వైపు చూశాడు.

"మరి గోడ రాణే కట్టిందా?"

"తవ్వి చూశారు. రాణికి నాలుగైదు వందల ఏళ్ళ ముందే అడుగున ఎవరో మొదలెట్టారు. ఒకరి మట్టి మీద ఒకరు పోసుకుంటూ పోయారు. ఒక్కటి చెప్పనా? ముందు డేన్‌లు ఉండి గోడ కట్టలేదనుకుంటాను. గోడ కట్టాక, దానికి ఇవతల ఉన్నవాళ్ళంతా డేన్‌లయ్యారు. దీవుల వాళ్ళు, చెయ్యిలాంటి ఆ నేల జట్లండ్ వాళ్ళు, అవతల స్వీడన్ ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు, అందరూ."

ఆయన పొలం పక్కన వాగుంది. వాగు పొంగకుండా వాళ్ళ తాత వేసిన కరకట్ట ఉంది. ఈ ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా దానిమీద ఒక పార మట్టి వెయ్యాలట. లిండా పెళ్ళికూతురి గౌనుతోనే వేసిందట. "గౌను ఇప్పటికీ మరకే" అంది లిండా.

ఆదివారం పొద్దున: పెనమూ, సమాధీ

పొద్దున్న వంటింట్లోకి వెళ్తే లిండా పొయ్యి మీద ఒక ఇనప పెనం పెట్టింది. ఏడు గుంటలు. నేను నోరు తెరిచాను. "ఇది పొంగనాల పెనం కదా!" సుజాత కూడా వచ్చి చూసి, "మా అమ్మ తాన గిదే ఉంది, గుంతలు గూడ గన్నే" అంది. వాళ్ళు గోధుమపిండిలో గుడ్డు, మజ్జిగ కలిపి, అల్లిక సూదితో తిప్పుతూ కాలుస్తారు. పండగలకి చేస్తారట. ఓడలో వచ్చిన పెనం. నేను సూది లాక్కుని ఒక వాయి తిప్పాను. రెండు మాడ్చాను. నా చేత్తో తిప్పిన మొదటి వాయి టామ్ ఒక్కడే తిన్నాడు, మాడినవి కూడా. రెండో మార్కు వేశాను.

పది గంటలకి కార్ల్ ఎల్సీ సమాధికి డేలియా పూలు తీసుకెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు. టామ్ కారు నడిపాడు. గుట్ట మీద పచ్చగడ్డి, వరసగా రాళ్ళు. ఇంగ్లీషు అక్షరాలు నేను ఒక్కొక్కటీ పట్టుకుని చదువుతాను. ఎల్సీ హాన్సెన్. కింద, నీల్స్ హాన్సెన్ కూతురు. మళ్ళీ చదివాను. కార్ల్ హాన్సెన్ భార్య, హాన్సెన్ ఇంటి కూతురు. ముందు వెనక రాళ్ళు చూశాను, సగం హాన్సెన్లే. పుట్టింటిపేరూ అత్తింటిపేరూ ఒకటే!

ఒకే ఇంటిపేరంటే మనకి ఒకే రక్తం. వరసకి అన్నాచెల్లెళ్ళు. కార్ల్ ఏమో పూలు సర్దుతున్నాడు, రాయి మీద దుమ్ము చొక్కా చేతితో తుడుస్తున్నాడు. ఆ పూట నేనేమీ అనలేదు. అక్కడ అనకపోవడం ఒక్కటే నేను ఆ రోజు చేసిన మంచిపని.

భోజనాల బల్ల

కాల్చిన గొర్రెమాంసం, కూమరా అనే చిలగడదుంపలు, పుదీనా పచ్చడి. పుదీనాలో పంచదార, వెనిగర్ పోస్తారు. దేవుడు క్షమించాలి. నా పులిహోర పీటర్ మూడుసార్లు వడ్డించుకున్నాడు, ఒక్క మాటా లేకుండా.

కార్ల్ గ్లాసెత్తి, "మరి ముత్యాలమ్మ గారు ఏమంటారు?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. రేణుక టామ్ చెయ్యి బల్ల కింద పట్టుకుంది, నాకు కనపడింది.

అప్పుడన్నాను ఆ మాట. తెలుగులో కాదు, అందరికీ అర్థం కావాలని నా పొలం ఇంగ్లీషులోనే అన్నాను.

కార్ల్ గ్లాసు దించి, టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నడక మాత్రం ఒక్కసారిగా ఎనభై ఏళ్ళదయింది.

"అమ్మమ్మా!" రేణుక లేచి నిలబడింది. "ఎవరు చెప్పారు నీకు? వాట్ ఆర్ యూ ఈవెన్ సేయింగ్?"

"రాతిమీద ఉంది. నేనే చదివాను. నీకు చదువొచ్చి ఏం లాభం?"

టామ్‌కి కోపం రాలేదు, అదే వింత. కుర్చీ నా దగ్గరకి జరుపుకుని, రేణుకని తెలుగు చెయ్యమని, మెల్లిగా చెప్పాడు. డేన్‌లకి మొదట్లో ఇంటిపేర్లే లేవట. హాన్స్ కొడుకైతే హాన్సెన్. ఆ హాన్సెన్ పేరు పీటర్ అయితే వాడి కొడుకు పీటర్సెన్. తరం తరానికీ మారిపోయేది. తర్వాత ప్రభుత్వం ఇక మార్చొద్దంది, ఆ తరంలో ఏది ఉంటే అదే నిలిచిపోయింది. తాత వాళ్ళ హాన్స్ ఒక దీవిలో జాలరి. ఎల్సీ వాళ్ళ హాన్స్ జట్లండ్‌లో ఇటుకల పనివాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సుజాత నెత్తి కొట్టుకుంది. "అవ్వా, గట్లయితే నీ సంగతేంది? నీ పేరు వెనక అప్పన్న అని ఉంది. గది మీ నాయిన పేరే గద. పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు తాన అదే ఉంది. లంబాసల ఇంకో అప్పన్న ఉంటే వాని కొడుకు నీకు తమ్ముడైతడా?"

ఫిజీలో గుమాస్తాలు నీ పేరేంటి, నీ అయ్య పేరేంటి అని అడిగి రాసుకున్నారు. అయ్య పేరే ఇంటిపేరైపోయింది. ఇన్నేళ్ళు పాస్‌పోర్ట్ మోసుకు తిరిగాను, ఒక్కనాడూ తట్టలేదు.

"పోయి సారీ చెప్పు" అంది రేణుక. ఏడుస్తోంది. "ఎల్సీ గ్రాండ్‌మా అంటే ఆయనకి ప్రాణం."

కరకట్ట

కార్ల్ కరకట్ట మీద కూర్చునున్నాడు. ఎక్కబోయి నేను జారాను. ఎడమకాలి చెప్పు ఊడి వాగులో పడి, పడవలా పోయింది. ఆయన చెయ్యిచ్చి లాగాడు. పక్కన కూర్చున్నాను, ఒక కాలికి చెప్పుతో.

"తప్పయింది" అన్నాను. "టామ్ చెప్పాడు. మా లెక్క వేరు."

"ఎల్సీ వింటే నవ్వేది" అన్నాడు. కానీ ఆయన నవ్వలేదు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకోదు. "ఇంకొక్కటి అడుగుతాను, నిజం చెప్పాలి. ఆ ఇద్దరు హాన్సెన్లు ఇక్కడికి ఒకే ఓడలో వచ్చారా?"

"ఒకే ఓడ. కింద ఒకే అరలో పడుకున్నారు. ఇద్దరికీ తలా ఒక బిడ్డ పోతే కలిసే సముద్రంలో వదిలారు. ఎందుకు?"

చెప్పాను. మా గిరిమిట్టు వాళ్ళలో ఒకే ఓడలో వచ్చినవాళ్ళు తోడబుట్టినవాళ్ళ లెక్క. ఊళ్ళు పోయాయి, కులాలు కలిసిపోయాయి, ఓడే చుట్టరికమైంది. ఓడ అన్నదమ్ముల పిల్లల్ని ఒకరికొకరికి ఇవ్వకూడదనేవారు మా పెద్దవాళ్ళు. నేను కూడా ఆ మాట పట్టుకుని రెండు సంబంధాలు చెడగొట్టాను.

ఆయన వాగు వైపు చూస్తూ ఆలోచించాడు. "మీ తాతా నాయనమ్మా?"

"ఓడలో వచ్చారు."

"ఒకే ఓడా?"

ఆ ఫారంలో నేనేం రాశానో ఇప్పుడు చెప్తాను. సింహాచలం దగ్గర ఒక ఊరి పేరు రాశాను. పెద్దలు కుదిర్చిన సంబంధమని రాశాను. ఇంటిపేరు గడిలో వినడానికి బాగున్న పేరొకటి రాశాను. అన్నీ కల్పించినవే. అసలు సంగతి మా నాయనమ్మ పైడమ్మ చెరుకు ఆకు కోసుకుపోయిన చేతికి నా చేత పసుపు రాయించుకుంటూ ఒక్కసారి చెప్పింది. నేను నా మొగుడికి కూడా చెప్పలేదు.

"ఒకే ఓడ" అన్నాను. "ఓడలోనే కలిశారు. ఆవిడ ఒంటరిగా ఎక్కింది. ఆయనా అంతే. దిగాక ఒకే తోటకి పంపుతారని మొగుడూ పెళ్ళాం అని రాయించుకున్నారు. ఆవిడది ఏ ఊరో ఆయనకి తెలీదు. ఆయనదేంటో ఆవిడ అడగలేదు. పసుపుకొమ్ము కూడా దొరకలేదట."

"అయితే మీవాళ్ళు చేసిందీ మావాళ్ళు చేసిందీ ఒకటే తప్పు."

"తప్పు కాదు!" అన్నాను. గట్టిగానే అన్నాను, గొర్రెలు తలెత్తి చూశాయి. "యాభై రెండేళ్ళు కాపురం చేశారు. తొమ్మిదిమందిని కన్నారు. ఏం తప్పు?"

నా మాట నాకే వినపడింది.

వెనక గడ్డిలో అలికిడైంది. రేణుక, చేతిలో ఎర్ర గమ్‌బూట్ల జత. నేను చెప్పు పోగొట్టుకోవడం కిటికీలోంచి చూసి లిండా పంపిందట. ఎప్పట్నించి నిలబడిందో తెలీదు.

"మరి నాకు చిన్నప్పుడు చెప్పింది? ఏనుగు మీద ఊరేగింపు, సన్నాయి?"

"అబద్ధం" అన్నాను. "ఏటి చెయ్యమంటావు? అంత పెద్ద అబద్ధానికి ఏనుగు చిన్నదే."

రేణుక నవ్విందో ఏడ్చిందో, రెండూ చేసింది. ఆ బూట్లు ఎల్సీవి. నా కాలికి కొంచెం వదులు. వేసుకుని లేచి, పార ఎక్కడుందని కార్ల్‌ని అడిగాను. ఆయన అర్థం చేసుకుని ఇంట్లోవాళ్ళని కేకేశాడు. అందరూ వచ్చారు, పీటర్ చేతిలో పులిహోర గిన్నెతో సహా. ముందు రేణుక వేసింది ఒక పార మట్టి. "అవ్వా, నువ్వు మనుమరాలిని ఇస్తున్నవా, నువ్వే వస్తున్నవా?" అంది సుజాత. "మట్టికేం ఎక్కువైపోదు" అని నేను కూడా ఒక పార వేశాను. నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

సోమవారం తిరిగొచ్చాం. లిండా ఏడు గుంటల పెనం గుడ్డలో చుట్టి రేణుక చేతిలో పెట్టింది. ఫారం టౌపోలో ఆగినప్పుడు తీసి, నేను రాసిన గళ్ళన్నీ కొట్టేశాను. ఇంటిపేరు గడిలో 'లేదు' అనీ, ఊరి గడిలో 'ఓడ' అనీ రాశాను. సుజాత అక్షరాలు చూసి తప్పుల్లేవంది.

ఆ ఆదివారం అక్కడున్నవాళ్ళం, పాత డేన్‌ల పద్ధతిలో రాస్తున్నాను: కార్ల్, ఏండర్స్ కొడుకు. పీటర్, కార్ల్ కొడుకు. లిండా, జార్జ్ కూతురు. టామ్, పీటర్ కొడుకు. సుజాత, రాజవ్వ కూతురు, వాళ్ళమ్మ పేరే రాయమని పట్టుబట్టింది. రేణుక, నా సరోజ కూతురు. గుట్ట మీద ఎల్సీ, నీల్స్ కూతురు. ఆవిడ బూట్లలో నేను, ముత్యాలమ్మ, అప్పన్న కూతురిని. అప్పన్న, ఓడలో ఒకటైన సింహాద్రి, పైడమ్మల కొడుకు.